పావులూరి గణితము - ఒక పరిశీలన

కామారెడ్డి జిల్లాలో మంజీర నదికి అడ్డంగా నిజాంసాగర్ ఆనకట్ట ఉన్నది. 1923లో ఆరంభమై 1931లో పూర్తి అయిన ఈ నిర్మాణానికి సూత్రధారి నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు. ఎల్లారెడ్డి, బాన్సువాడ, బోధన్ ప్రాంతాలలో తిరిగినవారికి దీని కాలువలూ, వాటి కింది వరిపొలాలూ తెలిసినవే. వానకాలం రాగానే అక్కడి రైతు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: సాగరులోకి నీరు ఎంత వచ్చినది?

ప్రశ్న చిన్నది. దానిలో ఇమిడిన గణితం చిన్నది కాదు. నీటి లోతును కొలబద్ద చెబుతుంది. కాని లోతు వేరు, పరిమాణం వేరు. జలాశయం గోడలు నిట్టనిలువుగా ఉండవు. పైన వెడల్పు, అడుగున ఇరుకు. పైగా ఏటేటా ప్రవాహంతో వచ్చే ఒండ్రు అడుగున పేరుకొని ఆకారాన్నే మార్చివేస్తుంది. కట్టిననాడు నిజాంసాగర్‌లో సుమారు 29.7 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టేది. పూడిక వల్ల అది బాగా తగ్గినది. తరువాత నీటిమట్టాన్ని కొంత పెంచినా, 1405 అడుగుల పూర్తి మట్టం వద్ద నేటి సామర్థ్యం 17.8 శతకోటి ఘనపుటడుగులే. ఈ లెక్క తప్పితే ఆయకట్టులో చివరి పొలానికి నీరు అందదు. అందుచేత గుంట పరిమాణాన్ని లెక్కించడం ఆ ప్రాంతంలో పరీక్ష కోసం చదివే పాఠం మాత్రమే కాదు, అన్నానికి సంబంధించిన విషయం.

ఈ విద్యకు పూర్వులు పెట్టిన పేరు ఖాతవ్యవహారం. ఖాతమంటే తవ్విన గుంట. దానిని శాస్త్రీయంగా చెప్పిన గొప్ప గ్రంథాలలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహం ఒకటి. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో మొదటి శాస్త్రగ్రంథకర్తగా అతని పేరు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. పేరు తెలిసినంతగా అతడు చేసిన పని తెలియదు. ఆ పని ఎటువంటిది, దానిలో మేలెంత, కొరత ఎంత అన్నదే ఈ పరిశీలనకు విషయం.

మంజీర లోయ నుండి గోదావరి గట్టు దాకా

మహావీరాచార్యుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని (814-878) కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించినాడు. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, అనగా నేటి కర్ణాటకలోని మల్ఖేడ్. తమ పూర్వులు లట్టలూరు పురాధీశులని వారు శాసనాలలో చెప్పుకొన్నారు. లట్టలూరే నేటి లాతూరు. అది మంజీర పరీవాహక ప్రాంతంలోనిది. అందువల్ల నేడు నిజాంసాగర్ నీరు నిలిచిన లోయ, ఆ గ్రంథం పుట్టిన రాజ్యంలోని భాగమే. జైన విద్య ఆనాడు ఈ వైపు బాగా వ్యాపించి ఉన్నదనడానికి కరీంనగర్ వైపున ఉన్న కురిక్యాల శాసనం సాక్ష్యం. పదవ శతాబ్దంలో పంపకవి తమ్ముడైన జినవల్లభుడు వేయించిన ఆ శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. ఒకే రాతి మీద మూడు భాషలు చదవగలిగిన సమాజంలో శాస్త్రం ఒక భాష నుండి మరొక భాషలోకి ప్రవహించడం వింత కాదు.

మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి తూర్పుగా సాగి రాజమహేంద్రవరం చేరుతుంది. గ్రంథం కూడ కాలక్రమంలో తూర్పు తీరానికే చేరినది. రాజమహేంద్రవరాన్ని ఏలిన తూర్పు చాళుక్యరాజు రాజరాజ నరేంద్రుడు (1022-1061) నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయించినవాడుగా ప్రసిద్ధుడు. పావులూరివారి కుటుంబానికి ఆ రాజుతో సంబంధం ఉన్నది. పిఠాపురం సమీపంలోని నవఖండవాడ గ్రామాన్ని రాజు మల్లనకు ఇచ్చినట్లు ఆ కుటుంబకథనం చెబుతుంది. అయితే ఆ వంశంలో తాత పేరూ మల్లనే, మనుమని పేరూ మల్లనే. గ్రంథకర్త తాత అని కొందరు, మనుమడని కొందరు వాదించినారు. మొదటి పక్షమైతే గ్రంథం పదకొండవ శతాబ్దానిది, రెండవ పక్షమైతే పన్నెండవ శతాబ్దానిది. ఏ పక్షం నెగ్గినా ఒక విషయం మారదు. తెలుగు కావ్యభాష అప్పుడే రూపు కడుతున్నది. పురాణకథ చెప్పడానికే భాషను సానబట్టుతున్న రోజులలో మల్లన దానితో భిన్నాలు, వర్గమూలాలు చెప్పించినాడు.

అతని గ్రంథానికి సారసంగ్రహ గణితమని పేరు. లోకంలో పావులూరి గణితమనే పేరు నిలిచినది.

బార్సెలోనాలో ఒక సమకాలికుడు

మల్లన పనిని అంచనా వేయడానికి ఒక కొలత కావాలి. ఆ కాలంలోనే, ఈ దేశంతో ఏ సంబంధమూ లేకుండా, ఇటువంటి పనినే తలకెత్తుకొన్న మరొకని పక్కన నిలిపి చూడడం మంచి కొలత. అతడు అబ్రహాం బార్ హియ్యా. స్పెయిన్‌లోని బార్సెలోనాకు చెందిన యూదు పండితుడు. సుమారు 1070లో పుట్టి 1136 ప్రాంతంలో మరణించినట్లు చెబుతారు. ఖగోళశాస్త్రజ్ఞుడు, గణితజ్ఞుడు, అనువాదకుడు. రాజకొలువులో ఉద్యోగం చేసినవాడు కావడం వల్ల అరబ్బీలో రక్షకాధికారి అని అర్థమిచ్చే బిరుదు అతనికి ఉండేది. లాటిన్ రచయితలు దానినే సావసోర్డా అని పలికినారు.

ఆనాటి స్పెయిన్‌లో శాస్త్రభాష అరబ్బీ. యూదు పండితులు కూడ అరబ్బీలోనే శాస్త్రం చదివేవారు. కాని పర్వతాలకు అవతల, ఫ్రాన్సు దక్షిణ భాగంలోని యూదులకు అరబ్బీ రాదు. వారికి తెలిసిన విద్యాభాష హీబ్రూ. అక్కడ భూములు కొలిచేవారికి కొలత సరిగా తెలియక, వారసులకు పొలాలు పంచేటప్పుడు ఒకరి సొత్తు మరొకరికి పోతున్నదని బార్ హియ్యా బాధపడినాడు. తప్పు కొలత అన్యాయమవుతుందన్న ఆలోచనతోనే కొలతలను గూర్చి హీబ్రూలో గ్రంథం వ్రాసినాడు. దాని పేరు హిబ్బూర్ హ-మెషీహా వె-హ-తిష్బోరెత్. టివోలి నగరపు ప్లేటో అనే పండితుడు దానిని 1145లో లాటిన్ చేసినాడు. దాని ద్వారా వర్గ సమీకరణాల సాధన లాటిన్ ఐరోపాకు పరిచయమైనది. 1220లో లియొనార్డో ఫిబొనాచ్చి వ్రాసిన క్షేత్రగణిత గ్రంథం మీద దాని ప్రభావం స్పష్టంగా ఉన్నది.

ఇద్దరి సమస్య ఒక్కటే. శాస్త్రం ఒక భాషలో ఉన్నది, అవసరం మరొక భాష మాట్లాడేవారికి ఉన్నది. ఆ రెండవ భాషలో శాస్త్రపదాలు లేవు. ఇద్దరూ ఎదుర్కొన్న అడ్డంకి ఇదే. దానిని దాటిన తీరులో మాత్రం తేడా ఉన్నది.

పదాలు ఎక్కడి నుండి వచ్చినవి?

బార్ హియ్యా ప్రాచీన హీబ్రూలోని మాటలకు కొత్త అర్థాలు ఎక్కించినాడు. వైశాల్యం కొలవడాన్ని అరబ్బీలో తక్సీర్ అంటారు. విరుచుట అనే ధాతువు నుండి వచ్చిన మాట అది. హీబ్రూలో విరుచుట అనే అర్థం గల ధాతువును తీసుకొని అదే పద్ధతిలో తిష్బోరెత్ అనే మాట నిలిచినది. అరబ్బీ మాటను అట్లే ఎరువు తెచ్చుకొనలేదు. దాని వెనుక ఉన్న ఊహను మాత్రం తెచ్చుకొన్నారు.

మల్లన మార్గం వేరు. సంస్కృత పారిభాషిక పదాలను అతడు నిలుపుకొన్నాడు. నామవాచకం సంస్కృతం, దానిని నడిపించే క్రియ తెలుగు అన్నది అతని సూత్రమని చెప్పవచ్చును. గుణకారం, భాగహారం, వర్గం, ఘనం, వర్గమూలం, భిన్నం, త్రైరాశికం అనే పదాలు ఆ సంప్రదాయంలోనివే. నేటికీ తెలుగు బడిలో పిల్లలు పలుకుతున్నవి ఇవే. ఒక పారిభాషిక పదం తొమ్మిది వందల ఏండ్లు చెక్కుచెదరక నిలవడం సామాన్య విషయం కాదు. మరో మేలు కూడ కలిగినది. తెలుగులో గణితం నేర్చినవాడు సంస్కృత మూలాన్ని చూసినా, పొరుగు భాషలోని గణితాన్ని చూసినా దారి తప్పడు. కన్నడంలో గణితం వ్రాసిన తొలివాడు పన్నెండవ శతాబ్దపు రాజాదిత్యుడు. అతని పదాలు కూడ ఈ కోవలోనివే.

ఒక పదాన్ని మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వర్గమూలంలోని మూలమంటే వేరు. అరబ్బీలో దీనిని జిద్‌ర్ అంటారు, హీబ్రూలో శోరెష్ అంటారు, లాటిన్‌లో రాడిక్స్ అంటారు. అన్నిటికీ వేరు అనే అర్థం. భాషలు మారినా ఊహ మారలేదు. వర్గసంఖ్య చెట్టు అయితే దాని కింద కనిపించనిది వేరు. ఉపాధ్యాయుడు తరగతిలో ఈ నాలుగు మాటలూ నల్లబల్ల మీద వ్రాసి చూపితే, శాస్త్రం ఒక జాతి సొత్తు కాదన్న సంగతి విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

అనువాదంలోని మేలు

మల్లన మక్కికి మక్కి అనువాదం చేసినవాడు కాడు. మూలంలో జినస్తుతి ఉండగా, శైవుడైన మల్లన తన గ్రంథాన్ని శివపరంగా మలచినాడు. ఉదాహరణలలోని జైన విషయాలకు బదులు తన పాఠకులకు పరిచయమైన విషయాలు పెట్టినాడు. కొలతలు, నాణేలు తన ప్రాంతంలో చెల్లేవి వాడినాడు. దీనిని మతాభిమానమని మాత్రమే కొట్టివేయడం సరికాదు. లెక్కలోని వస్తువు పిల్లవానికి తెలిసినదైతేనే వాని దృష్టి లెక్క మీద నిలుస్తుంది. తెలియని వస్తువైతే దృష్టి దాని మీదనే ఆగిపోతుంది. నిజాంసాగర్ కాలువ కింది పిల్లవానికి నీటిపారుదల లెక్క ఇవ్వవలెను గాని, చూడని దేశపు మంచుబండ్ల లెక్క ఇవ్వకూడదు. మల్లన ఈ బోధనసూత్రాన్ని ఎరిగినవాడు.

సంఖ్యలతో ఆడుకోవడంలో కూడ అతడు మూలాన్ని అనుసరించి, దానికి తోడు తనవి చేర్చినాడు. హెచ్చవేత ఫలితం పూసలదండ వలె ఇటు నుండి చదివినా అటు నుండి చదివినా ఒకే రీతిగా వచ్చే లెక్కలను మహావీరుడు చెప్పినాడు. 12345679ని 9చే గుణిస్తే 111111111. 152207ను 73చే గుణిస్తే 11111111. 142857143ను 7చే గుణిస్తే 1000000001. 27994681ని 441చే గుణిస్తే 12345654321. విద్యార్థి వీటిని కాగితం మీద చేసి చూసుకొనవచ్చును. తప్పు చేస్తే దండ తెగిపోయి తప్పు తానే బయటపడుతుంది. గుణకారం అభ్యసింపజేయడానికి ఇంతకంటె మంచి ఉపాయం ఏమున్నది? జవాబు సరియైనదో కాదో గురువును అడగనక్కరలేదు, అంకెలే చెబుతాయి.

చదరంగపు గళ్ళ లెక్క కూడ పావులూరి పేరుతో ప్రసిద్ధం. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్యను అతడు పద్యంలో చెప్పినాడు. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడే భూతసంఖ్యా పద్ధతి ఇందుకు సాధనం. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడంటే 1. కన్నులు రెండు గనుక నేత్రమంటే 2. వేదాలు 4, మన్మథుని బాణాలు 5, ఆకాశం శూన్యం గనుక 0. ఒకట్ల స్థానం నుండి ఆరంభించి ఎడమకు నడవవలెను. నేత్ర-వేద-చంద్ర అంటే 142 అవుతుంది గాని 241 కాదు. ఛందస్సు అవసరాన్ని బట్టి ఒకే అంకెకు వేరువేరు పేర్లు వాడుకోవచ్చును. చేతివ్రాతలో ఒక అంకె చెరిగితే సంఖ్య పాడవుతుంది. పద్యంలో ఒక మాట మారితే నడక తప్పి, తప్పు పట్టుబడుతుంది. తాటాకుల మీద, నోటిమీద బ్రతికిన విద్యకు ఇది గట్టి రక్షణ.

పరిశీలనకు నిలిచే కొరతలు

ఈ చదరంగపు సంఖ్యను తలచుకొని పూర్వుల ప్రతిభకు ఆశ్చర్యపడి ఊరుకోవడం అలవాటుగా మారినది. అది శాస్త్రదృష్టి కాదు. పెద్ద సంఖ్యలో అద్భుతమేమీ లేదు. దానిని చేరే దారిలో ఉన్నది అందం. 64 సార్లు రెట్టింపు చేయనక్కరలేదు. 2ను వర్గం చేస్తే 4, దానిని వర్గం చేస్తే 16, తరువాత 256, తరువాత 65536, తరువాత 4294967296, ఆరవ వర్గంతో 18446744073709551616. ఇది రెండు యొక్క 64వ ఘాతం. దీనిలో ఒకటి తీసివేస్తే కోరిన మొత్తం వస్తుంది. ఆరు గుణకారాలు, ఒక తీసివేత, పని ముగిసినది. వర్గం చేస్తూ పోయే ఈ ఉపాయం భారతీయ ఛందశ్శాస్త్రంలోనూ, గణితంలోనూ పాతదే. జవాబును పొగడడం కంటె ఉపాయాన్ని నేర్పడం మల్లనకు చేసే నిజమైన గౌరవం.

మొదటి కొరత పద్యరూపంలోనే ఉన్నది. పద్యం జ్ఞాపకానికి మంచిది, వివరణకు చాలదు. సూత్రం నాలుగు పాదాలలో ఒదగవలెనంటే కారణాన్ని వదలక తప్పదు. గురువు పక్కన ఉంటే పద్యం తాళపుచెవి. గురువు లేకపోతే అది తాళమే. కారణం చెప్పకపోవడం మల్లన ఒక్కని దోషం కాదు. మూలగ్రంథంలోనూ ఉపపత్తులు లేవు. కాని బార్ హియ్యా వచనం వ్రాసినాడు, వచనంలో నిరూపణకు చోటు దొరికినది.

అతని నిరూపణ ఒకటి ఉన్నత పాఠశాల విద్యార్థికి చక్కగా పనికివస్తుంది. వృత్తాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన సన్నని దారపు వలయాలుగా ఊహించుకోవలెను. కేంద్రం నుండి అంచు దాకా ఒక గీత వెంట వాటిని కోసి, వలయాలన్నిటినీ తిన్నగా పరిస్తే త్రిభుజం ఏర్పడుతుంది. దాని భూమి వృత్తపు చుట్టుకొలత, ఎత్తు వ్యాసార్ధం. అందుచేత వృత్తవైశాల్యం చుట్టుకొలతలో సగాన్ని వ్యాసార్ధంతో గుణించినంత. చుట్టుకొలతను వ్యాసంలో నాలుగవ వంతుతో గుణించవలెనని మహావీరుడు చెప్పినదీ ఇదే ఫలం. మహావీరుడు ఫలాన్ని ఇచ్చినాడు. బార్ హియ్యా ఫలంతో పాటు కంటికి కనిపించే కారణాన్ని కూడ ఇచ్చినాడు. పురికొసను చుట్టచుట్టి మధ్యకు కోసి చూపగల ఉపాధ్యాయునికి ఇద్దరూ కావలసినవారే.

రెండవ కొరత మూలం నుండి సంక్రమించినది. చుట్టుకొలతకూ వ్యాసానికీ గల నిష్పత్తిని మహావీరుడు స్థూలంగా 3 అనీ, సూక్ష్మంగా 10 యొక్క వర్గమూలమనీ తీసుకొన్నాడు. 10 వర్గమూలం 3.1623. నిజమైన విలువ 3.1416. కాని 3.1416 అనే విలువను ఆర్యభటుడు 499లోనే చెప్పి ఉన్నాడు. మూడున్నర శతాబ్దాల తరువాత వచ్చిన గ్రంథం అంతకంటె ముతక విలువను పట్టుకొన్నది. ఋణసంఖ్యకు వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పిన మహావీరుడే, సంఖ్యను సున్నతో భాగిస్తే అది మారదని తప్పు చెప్పినాడు. గొప్ప గ్రంథంలో ప్రతివాక్యమూ ఒప్పు కానక్కరలేదన్న వివేకాన్ని విద్యార్థికి ఇవ్వడానికి ఇది మంచి సందర్భం.

మూడవ కొరత అన్నిటికంటె బరువైనది. మల్లన బీజగణిత స్వభావం గల లెక్కలను చాలవరకు వదలినాడు. వ్యాపారికి, కరణానికి, భూమి కొలిచేవానికి కావలసినది ఏరుకొన్నాడు. గ్రంథం ప్రజలలోకి పోవడానికి ఈ ఎంపిక తోడ్పడినది. కాని దాని ఖరీదు కూడ ఉన్నది. బార్ హియ్యా గ్రంథం కూడ భూమి కొలిచేవారి కోసమే వ్రాసినది. అయినా దానిలో వర్గ సమీకరణం ఉన్నది. పొలం కొలిచే లెక్క నుండే పాఠకుణ్ణి అతడు బీజగణితం గడప దాకా నడిపించినాడు. మల్లన గడపకు ఇవతలే ఆగినాడు. తరువాత ఎలుగంటి పెద్దన భాస్కరుని లీలావతిని ప్రకీర్ణ గణితమనే పేరుతో తెలుగు చేసినాడు. అదీ వ్యక్తగణితమే. పాఠకునికి వెంటనే పనికివచ్చేదే చాలునని అనువాదకుడు నిర్ణయించినప్పుడు, ఆ భాష ఎదగవలసిన ఎత్తు కూడ అక్కడనే నిర్ణయమైపోతుంది.

ఖగోళంలో తెలుగు వ్యాఖ్య

ఈ మాట తెలుగు పండితుల శక్తిని తక్కువ చేయడం కాదు. పన్నెండవ శతాబ్దంలోనే మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య వ్రాసినాడు. ఆ తరువాత 1178లో అదే గ్రంథానికి సంస్కృతంలో టీక వ్రాసినాడు. ఈ వరుస గమనింపదగినది. సాధారణంగా శాస్త్రం సంస్కృతం నుండి తెలుగులోకి దిగివచ్చినదని అనుకొంటారు. ఇక్కడ పండితుడు ముందు తెలుగులో చెప్పి, తరువాత సంస్కృతంలో చెప్పినాడు. గ్రహగణితం వంటి క్లిష్టవిషయానికి కూడ తెలుగు చాలునని అతడు చేసి చూపినాడు. కల్పకుర్తి అల్లనార్య సూరి అనే మరొకడు కూడ సూర్యసిద్ధాంతానికి తెలుగు వ్యాఖ్య వ్రాసినాడు. 1869లో ఎత్తి వ్రాసిన ప్రతి వల్ల అది తెలియవచ్చినది. పరిగిపురికి చెందిన తమ్మయజ్వ 1599లో అదే సిద్ధాంతానికి కామదోగ్ధ్రి అనే సంస్కృత వ్యాఖ్యను రచించినాడు.

వీరందరినీ ఖగోళం వైపు నడిపినది పంచాంగపు అవసరం. బార్ హియ్యాను నడిపినదీ అదే. హీబ్రూలో పంచాంగగణనను గూర్చి మిగిలిన గ్రంథాలలో అతనిదే పాతది. భూమి ఆకారాన్ని, ఆకాశగోళాన్ని వర్ణించే గ్రంథం, గ్రహగతుల లెక్క కూడ అతడు వ్రాసినాడు. యూదుల పంచాంగంలోనూ తెలుగువారి పంచాంగంలోనూ మాసం చంద్రునిది, సంవత్సరం సూర్యునిది. పన్నెండు చాంద్రమాసాలు సౌరసంవత్సరం కంటె సుమారు 11 రోజులు తక్కువ. ఆ వెలితిని పూడ్చడానికి అప్పుడప్పుడు ఒక మాసం అధికంగా చేర్చవలసివస్తుంది. 19 సౌరసంవత్సరాలు దాదాపు 235 చాంద్రమాసాలకు సమానం. తేడా రెండు గంటలు మాత్రమే. 19ని 12చే గుణిస్తే 228. కావున 19 ఏండ్లలో 7 అధికమాసాలు కావాలి. యూదులు ఏయే సంవత్సరాలలో ఆ ఏడింటినీ వేయవలెనో ముందే స్థిరపరచుకొన్నారు. తెలుగు పంచాంగకర్త అట్లు చేయడు. ఏ చాంద్రమాసంలో సూర్యుడు కొత్త రాశిలో ప్రవేశించడో దానినే అధికమాసమంటాడు. అందుకు ప్రతి సంవత్సరమూ సూర్యచంద్రుల స్థానాలు గణించవలెను. ప్రశ్న ఒకటే అయినా ఒకరు చక్రాన్ని నమ్మినారు, మరొకరు గణనను నమ్మినారు.

మళ్ళీ గుంట దగ్గరకు

ఇప్పుడు నిజాంసాగర్ ప్రశ్నకు తిరిగి రావచ్చును. పైన వెడల్పు, అడుగున ఇరుకు అయిన గుంట పరిమాణానికి మహావీరుడు మూడు మెట్లు చెప్పినాడు. చదరపు గుంట ఒకటి తీసుకొందురుగాక. పైన భుజం 20 మూరలు, అడుగున 10 మూరలు, లోతు 6 మూరలు. పై భుజానికీ కింది భుజానికీ సరాసరి 15. దాని వర్గం 225. లోతుతో గుణిస్తే 1350 ఘనపు మూరలు. ఇది కర్మాంతిక ఫలం. ఇక పై వైశాల్యం 400, కింది వైశాల్యం 100, వాటి సరాసరి 250. లోతుతో గుణిస్తే 1500. ఇది ఔండ్ర ఫలం. మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ. రెంటికీ తేడా 150. ఆ తేడాలో మూడవ వంతు 50. దానిని కర్మాంతిక ఫలానికి కలిపితే 1400. ఇదే సూక్ష్మఫలం. నేటి రేఖాగణితం చెప్పే జవాబు కూడ సరిగా ఇదే.

ఇంకొక విషయం చూడవలెను. మట్టిపని లెక్కకు నేటి ఇంజనీర్లు ప్రిస్మాయిడల్ సూత్రమనే దానిని వాడుతారు. పై వైశాల్యం, కింది వైశాల్యం, నడిమి వైశాల్యానికి నాలుగు రెట్లు కలిపి, ఆరుతో భాగించి, లోతుతో గుణించడం ఆ సూత్రం. పై గుంటకు 400, 100, 900 కలిపితే 1400. ఆరుతో భాగించి ఆరుతో గుణిస్తే మళ్ళీ 1400. కర్మాంతిక ఫలంలో ఉన్నది నడిమి వైశాల్యమే, ఔండ్ర ఫలంలో ఉన్నది రెండు కొనల సరాసరియే. మొదటిదానికి రెండు పాళ్ళు, రెండవదానికి ఒక పాలు ఇస్తే ఇంజనీరు సూత్రం వస్తుంది. పేర్లు వేరైనా రెండూ ఒకటే. విద్యార్థి బీజాక్షరాలతో దీనిని నిరూపించి చూసుకొనవచ్చును. మహావీరుడు వదలిన కారణాన్ని పదవ తరగతి బాలుడు పూరించగలడు.

నిజాంసాగర్ వంటి జలాశయంలో ఒండ్రు ఎంత చేరినదో తెలుసుకోవడానికి పడవ మీద తిరుగుతూ ధ్వనితరంగాలతో అడుగు లోతులు కొలుస్తారు. ఒక్కొక్క మట్టం వద్ద వైశాల్యం కట్టి, పొరలు పొరలుగా పరిమాణం తేలుస్తారు. యంత్రం కొత్తది. పొరలుగా విడదీసి, కొనలను, నడుమను కూడి చూసే ఆలోచన పాతది.

అందుచేత పావులూరి మల్లనను గూర్చిన తీర్పు ఇట్లుండవచ్చును. అతడు తెలుగుకు గణితపదాలను నిలిపి ఇచ్చినాడు. లెక్కను ఊరి మనిషి చేతికి అందించినాడు. కారణాన్ని మాత్రం గురువుకు వదలినాడు, బీజగణితాన్ని తరువాతివారికి వదలినాడు. మొదటి రెండు పనులూ అతడు చేసిపెట్టినవి. తక్కిన రెండూ నేటి తెలుగు ఉపాధ్యాయుని వంతు. తెలుగులో చదువుకొనే విద్యార్థికి సూత్రంతో పాటు కారణం కూడ తెలుగులోనే దొరికిననాడు, మల్లన ఆరంభించిన అనువాదం పూర్తి అయినట్లు. అంతవరకు ఊరి చెరువు గట్టు మీద ఒక తాడు, ఒక గడకర్ర, ఒక కాగితం పట్టుకొని గుంట కొలవడం మొదలుపెట్టవచ్చును. గ్రంథం ఎదురుగానే ఉన్నది, నీరు కూడ ఎదురుగానే ఉన్నది.